బల్సాకఱ్ఱ విమానము: చేతిపనియు, లెక్కయు
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేయబడిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు, సంఘనిధిని గూర్చియు పెద్దలు చర్చించు నీ సభయందు ఒక చిన్న నమూనా విమానమును గూర్చి మాటలాడుట యుచితమా యని కొందఱు తలంపవచ్చును. అది బాలుర యాటవస్తువే గదా యని మఱికొంద ఱనవచ్చును. ఆటవస్తువే యగుగాక. అయినను దానిని కొనుట వేఱు, నిర్మించుట వేఱు. కొనినవాడు ఆడుకొనును, నిర్మించినవాడు నేర్చుకొనును. మన సంఘమునందు చేతిపనిచే జీవించు కుటుంబములును గలవు, చదువులచే నుద్యోగములు పొందిన కుటుంబములును గలవు. ఈ రెండు తెగలవారి బిడ్డలు ఒకరి విద్య నొకరు ఎఱుగక పెరుగుచున్నారు. చేయి నేర్చినవానికి లెక్క దూరమగుచున్నది. లెక్క నేర్చినవానికి చేయి యాడుట లేదు. ఈ రెండింటిని ఒకే బల్లమీదికి తెచ్చు పని యేదియని విచారింపగా, బల్సాకఱ్ఱతో, విద్యుచ్ఛక్తితో, రేడియోతో నడచు విమానమును నిర్మించుట యందులకు మిక్కిలి తగియున్నదని నాకు తోచినది. అందుచేత దానిని నిర్మించు విధమును, అందలి లెక్కలను మీకు విన్నవించెదను.

మొదట దీని పూర్వచరిత్రను కొంచెము చెప్పెదను. 1871వ సంవత్సరమున ఆల్ఫాన్స్ పెనో యను ఫ్రెంచివాడు పారిస్ నగరపు త్విలరీ తోటయందు మెలిపెట్టిన రబ్బరుచే తిరుగు ప్రొపెల్లరు గల చిన్న విమానము నెగురవేసెను. అది పదునొకండు సెకండ్లు మాత్రమే గాలిలో నుండెను. కాని తోకయందలి చిన్న ఱెక్కచే విమానము తనంతట తాను నిలుకడగా నుండగలదని లోకమునకు చూపెను. ఆయన కల్పించిన రబ్బరు హెలికాప్టరు బొమ్మ వంటిదానినే 1878వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో ఒక తండ్రి తన యిరువురు కుమారులకు తెచ్చియిచ్చెను. ఆ బాలురే విల్బర్, ఆర్విల్ రైటు సోదరులు. బొమ్మ విఱిగినపుడు వారు దానిని చూచి మరల చేసికొనిరి. 1903లో వారు మనుష్యుని గగనమున కెక్కించిరి. ఒక తండ్రి యిచ్చిన బొమ్మ యెంతపని చేయగలదో పోషకులు గమనింతురుగాక.

తరువాత 1937లో అమెరికాలోని గుడ్ సోదరులు రేడియోచే నడచు నమూనా విమానము నెగురవేసిరి. 1957వ సంవత్సరము జూన్ 30వ తేదీన ఇంగ్లాండులో టాప్లిన్ అను కర్నలు విద్యుత్ మోటారుతో, రేడియో యదుపుతో ఎగురవేసిన విమానము ఆ విధమైన వానిలో మొదటిదిగా లెక్కింపబడుచున్నది. ఆ కాలపు బ్యాటరీలు మిక్కిలి బరువైనవి. తేలికయైన లిథియం పాలిమర్ బ్యాటరీలును, బ్రష్షులు లేని మోటారులును సామాన్యులకు లభించిన పిమ్మటనే, అనగా ఈ శతాబ్దారంభము మొదలుకొనియే, ఈ విద్య ఇంటింట సాధ్యమైనది.

ఇక కఱ్ఱను గూర్చి. బల్సా దక్షిణ, మధ్య అమెరికాఖండముల యుష్ణప్రదేశములందు పెరుగు వృక్షము. నేడు లోకమునకు వలసిన దానిలో నధికభాగము ఈక్వడార్ దేశమునుండియే వచ్చుచున్నది. స్పానిషు భాషలో బల్సా యనగా తెప్ప యని యర్థము. 1947లో థార్ హేయెర్డాల్ అను నార్వే దేశీయుడు తన తోడివారితో ఈ కఱ్ఱదూలముల తెప్పపైననే పెరూ తీరమునుండి 101 దినములు పసిఫిక్ మహాసముద్రమున ప్రయాణము చేసెను. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లీషువారి మస్కిటో యను విమానపు కాయము, రెండు పలుచని బర్చి పలకల నడుమ బల్సాను పొదిగి చేయబడినదే. నేడు గాలిమరల పెద్దఱెక్కల లోపలను ఈ కఱ్ఱనే వాడుచున్నారు. మన కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కఱ్ఱను చేతబట్టినవారికి తేలిక కఱ్ఱ యనగా నేమో తెలియును; బల్సా యంతకన్నను తేలికయైనది.

అయితే బల్సా యంతయు నొక్కతీరుగా నుండదు. ఇక్కడనే లెక్క ప్రారంభమగుచున్నది. మీటరు పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరున్నర మందము గల పలకను తీసికొనుడు. దాని ఘనపరిమాణము 150 ఘన సెంటీమీటర్లు. మెత్తని బల్సా యైనచో నది 15 గ్రాములు తూగును. గట్టిదైనచో 24 గ్రాములో, అంతకు మించియో తూగును. అంతే కొలతగల టేకు పలక నూఱు గ్రాములకు దగ్గఱగా తూగును. కంటికి రెండు బల్సా పలకలును ఒక్కటే. తక్కెడయే వాని భేదమును చెప్పును. కావున నేర్పరియైన నిర్మాత దుకాణమునుండి తెచ్చిన ప్రతి పలకను తూచి, బరువును పెన్సిలుతో దానిమీదనే వ్రాసికొనును. తేలికవి తోకకును, ఱెక్కచివరలకును. గట్టివి ఱెక్క వెన్నుదూలములకును, కాయపు నిలువుకమ్ములకును కేటాయించును. పోగు నడచు తీరును కూడ చూడవలెను. దుంగను కోసిన కోణమునుబట్టి కొన్నిపలకలు అడ్డముగా సులభముగ వంగును. అవి గుండ్రని భాగములను కప్పుటకు తగును. కొన్ని మచ్చలు మచ్చలుగా మెఱయుచు, వంచిన విఱుగునేగాని వంగవు. అవి ఱెక్క పక్కటెముకలకు తగును. వడ్రంగము తెలిసిన పెద్దలకు ఈ విషయము క్రొత్తది కాదు. వారి బిడ్డలకు మాత్రము క్రొత్తది యగుచున్నది. అదియే నా విచారము.

ఇప్పుడు మన విమానపు ప్రమాణమును నిర్ణయించుకొందము. ఱెక్క చివరనుండి చివరకు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 200 మిల్లీమీటర్లు. వైశాల్యము 24 చదరపు డెసిమీటర్లు. మొత్తము బరువు 900 గ్రాములు మించరాదని వ్రతము పట్టుదము. గృహస్థుడు నెలజీతమును పంచుకొనునట్లు ఈ 900 గ్రాములను పంచవలెను. మోటారు, ప్రొపెల్లరు, స్పీడు కంట్రోలరు కలిసి 110, బ్యాటరీ 180, రిసీవరు, సర్వోలు, తీగెలు 60, చక్రములు, వాని కమ్మి 60, ఱెక్క 220, కాయమును, తోకయు 220, పైకప్పు 50. మొత్తము 900 సరిపోయినది. దీనిలో నొక పద్దు పెరిగిన నింకొక పద్దు తగ్గవలెను. అప్పుచేయుటకు ఆకాశమున షావుకారు లేడు.

ఇంత పట్టుదల యెందులకని యడుగుదురేమో. దీనికి సమాధానము చెప్పెదను. విమానము నిలిచి యెగురుటకు కనీసపు వేగ మొకటి కలదు. అంతకు తగ్గిన ఱెక్క గాలిని పట్టజాలక పడిపోవును. మన విమానము 900 గ్రాములున్నచో నా వేగము గంటకు సుమారు 27 కిలోమీటర్లు. అదే విమానము అజాగ్రత్తచే 1300 గ్రాములైనచో నా వేగము గంటకు 32 కిలోమీటర్లు దాటును. ఐదు కిలోమీటర్ల భేదమే గదా యనరాదు. నేలను తాకునపుడు దెబ్బతీయునది బరువును, వేగము యొక్క వర్గమును గుణించిన ఫలము. ఆ లెక్క వేసిచూచిన, బరువు సగమునకు లోపుగనే పెరిగినను దెబ్బ రెండింతలకు మించును. కావున గట్టిదనముకొఱకని కఱ్ఱను, జిగురును అధికముగా చేర్చువాడు విమానమును బలపఱుచుట లేదు; దానిని విఱుగగొట్టు శక్తిని పెంచుచున్నాడు. తేలికయైనది మెల్లగా దిగును. మెల్లగా దిగినది విఱుగకుండును.

మోటారు లెక్కయు నిట్టిదే. క్రొత్తగా నేర్చువారి విమానమునకు కిలో బరువునకు 150 వాట్ల శక్తి యున్న చాలును. మనకు 900 గ్రాములు గనుక 135 వాట్లు. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ వోల్టేజి 11.1. 135ను 11.1చే భాగింపగా విద్యుత్ప్రవాహము 12 ఆంపియర్లకు కొంచెము పైన తేలును. కావున 20 ఆంపియర్లకు తక్కువ గాని స్పీడు కంట్రోలరును తీసికొనవలెను. 2200 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో నూటికి ఎనుబదివంతులే వాడుకొన్నను, మోటారును పూర్తిగా త్రిప్పుచు ఎనిమిది నిమిషములకు మించియు, సగము ప్రవాహముతో నంతకు రెట్టింపుకాలమును ఎగురవచ్చును. మోటారుమీద కేవీ యని యొక సంఖ్య వ్రాసియుండును. అది ఒక్కొక్క వోల్టునకు నిమిషమునకెన్ని చుట్లు తిరుగునో తెలుపును. 1000 కేవీ మోటారు బరువు లేనపుడు 11.1 వోల్టులకు 11,100 చుట్లు తిరుగును. ప్రొపెల్లరు తగిలించిన తగ్గును. పది అంగుళముల ప్రొపెల్లరును తగిలించి, వాట్ మీటరుతో కొలిచి, శక్తి యెక్కువైనచో చిన్న ప్రొపెల్లరును, తక్కువైనచో పెద్దదానిని మార్చుకొనవలెను. ఊహింపరాదు, కొలువవలెను.

ఇక నిర్మాణము. చదునైన బల్లమీద పూర్తికొలతల నక్షాను పఱచి, జిగురంటకుండ దానిపై పలుచని ప్లాస్టిక్ కాగితమును పఱువవలెను. బల్ల వంకరయైనచో ఱెక్కయు వంకరయగును. ఆ వంకరను తరువాత నేనేర్పును దిద్దజాలదు. పక్కటెముక లన్నియు నొక్కతీరుగ నుండుటకు, రెండు పలుచని ప్లైవుడ్డు అచ్చుల నడుమ బల్సా ముక్కలను బిగించి, ఉప్పుకాగితము చుట్టిన చెక్కతో నన్నింటిని ఒకేసారి రుద్దవలెను. అడుగు చదునుగా, పైభాగము వంపుగా నుండు ఱెక్కయాకారము క్రొత్తవారికి మేలు. 1922లో రూపొందిన క్లార్క్ వై యాకార మిట్టిదే. క్రింది వెన్నుదూలమును నక్షాపై గుండుసూదులతో నిలిపి, పక్కటెముకలను మూలమట్టముతో నిలువుగా నంటించి, పైదూలమును పెట్టవలెను. రెండు దూలముల నడుమ సన్నని బల్సా తెరలను, వాని పోగు నిలువుగా నుండునట్లు అంటింపవలెను. ఈ తెరలు రెండుమూడు గ్రాములు మాత్రమే. కాని దూలములను వీడిపోకుండ పట్టి ఱెక్కబలమునంతయు నిలుపునవి యివియే. బరువు పెంచక బలము పెంచు రహస్య మిక్కడ నున్నది. కఱ్ఱ యెంత యనునది కాదు, ఎక్కడ, ఏ దిక్కుగా ననునదియే ముఖ్యము.

జిగురు విషయమున పిసినితనము సద్గుణము. అతుకు చక్కగా కుదిరినచో తెల్లజిగురు పలుచని పూత చాలును. కుదరని యతుకును జిగురుతో నింపుట దోషమును కప్పుట యగును. మోటారు నిలుచు ప్లైవుడ్డు పలకను మాత్రము ఎపాక్సీతో గట్టిగా నంటింపవలెను. ఆ పలకను కుడివైపునకును, క్రిందికిని రెండు మూడు డిగ్రీలు వంచి నిలుపుట వాడుక. ప్రొపెల్లరు తిరుగుటచే గలుగు పెడబుద్ధిని అది సరిచేయును. ఱెక్కచివరలను కొంచెము పైకెత్తి లేత "వి" యాకారముగ కలుపవలెను. అందుచే విమానము ఒకవైపున కొఱగినను తనంతట తాను సరియగును. ఈ విమానమునకు చుక్కాని, ఎలివేటరు, మోటారు ననెడి మూడు యదుపులు చాలును.

తోకను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. విమానపు తూకము ఱెక్క ముందంచునుండి 55 మొదలు 60 మిల్లీమీటర్ల వెనుక నిలువవలెను. రెండువ్రేళ్ళ కొనలపై ఱెక్కనానించి యెత్తిచూచిన తెలియును. తోక యా స్థానమునకు 600 మిల్లీమీటర్ల దూరమున నుండును. ముక్కు 200 మిల్లీమీటర్ల దూరమున నుండును. తోకలో నధికముగా 10 గ్రాములు చేర్చినచో ముక్కునందు 30 గ్రాముల సీసము పెట్టవలసివచ్చును. పదిగ్రాముల యజాగ్రత్తకు నలువదిగ్రాముల దండుగ. తక్కెడను త్రాసుకోలను చూచిన బాలునకు దీనిని బోధించుట సులభము. భౌతికశాస్త్ర పుస్తకమున కంఠపాఠము చేసిన తులాదండ సూత్రము ఇచ్చట వానిచేతిలో ప్రత్యక్షమగును. సంక్రాంతి గాలిపటమునకు సూత్రము కట్టుచు తూకము చూచిన పిల్లలకు ఈ విద్య సగము తెలిసినదే.

పిదప వేడికి ముడుచుకొను పలుచని ఫిల్మును ఇస్త్రీపెట్టెతో నంటించి విమానమును కప్పుదురు. ఒకవైపే యెక్కువగా లాగిన ఱెక్క మెలిపడును గనుక నుభయపార్శ్వములను సమముగా బిగింపవలెను.

సోదరులారా, ఈ పనియందు రెండపాయములు గలవు. వానిని దాచుట ధర్మము కాదు. మొదటిది ప్రొపెల్లరు. పదియంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 8,000 చుట్లు తిరుగునపుడు దాని కొన గంటకు 380 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. బల్లమీద పరీక్షించునపుడు దానిని విప్పివేయవలెను. తిరుగునపుడు దాని కెదురుగగాని, ప్రక్కగాగాని యెవరును నిలువరాదు. మొదట చేతిలోని ట్రాన్స్‌మిటరును, పిదపనే విమానపు బ్యాటరీని కలుపవలెను. విప్పునపుడు మొదట బ్యాటరీని విప్పవలెను. రేడియో సంకేతము తప్పినచో మోటారు దానంతట నదే యాగునట్లు ముందుగనే యమర్చుకొనవలెను.

రెండవది బ్యాటరీ. లిథియం పాలిమర్ సెల్లు నిండినపుడు 4.2 వోల్టులుండును, అంతకు మించి నింపినను, నలిగినను, గ్రుచ్చుకొనినను మంట లేవవచ్చును. సెల్లుల నన్నిటిని సమముగా నింపు చార్జరుతోనే, 2200 బ్యాటరీకి 2.2 ఆంపియర్లకు మించకుండ, మనిషి దగ్గఱ నుండగనే చార్జి చేయవలెను. వసతిగృహములో విద్యార్థులు నిద్రించు గదులలో దీనిని చార్జి చేయుట యెన్నడును కూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. వాడని దినములలో సెల్లునకు 3.8 వోల్టుల ప్రాంతమున నుంచి, మండని పెట్టెలో భద్రపఱుపవలెను. ఈ నియమములను గోడపై వ్రాసి తగిలింపజాలని సంస్థ ఈ విద్యను ప్రారంభింపకుండుటయే మేలు.

ఎగురవేయుటకు జనసంచారము లేని విశాలమైన మైదానము కావలెను. మన దేశమున మనుష్యుడు లేని విమానములకు 2021వ సంవత్సరపు డ్రోను నిబంధనలు వర్తించును. వానిలో ఆకాశమును ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా విభజించినారు. విమానాశ్రయముల సమీపమున నిర్బంధము లధికము. బరువునుబట్టియు, స్థలమునుబట్టియు నియమములు మాఱును గనుక, అటుపిమ్మటి సవరణలతో గూడ వానిని చదివి, ప్రభుత్వపు పటమును చూచిన పిమ్మటనే మైదానమున కేగవలెను. మొదటిసారి గాలి చల్లగా, నెమ్మదిగా వీచు వేకువను, తెలిసినవారిని ప్రక్కనుంచుకొని, గాలి కెదురుగా వదలవలెను. ఎత్తునకు చేరువఱకు మలుపు త్రిప్పరాదు.

ఏదియో యొకదినమున నది కూలును. ఇందు సందేహము లేదు. అప్పుడే ఈ విద్యయొక్క యసలుఫలము తెలియును. అంగడిలో నిప్పుడు ఫోముతో పోసిన విమానములు సిద్ధముగ దొరకును, అవి చవుక, సులభము, ఎగురుట నేర్చుటకు పనికివచ్చును, వానిని నిందింపను. కాని ఫోము విమానము విఱిగినచో బాలుడు తండ్రిని మఱియొకటి కొనుమనును. బల్సా విమానము విఱిగినచో నాతడు ముక్కల నేఱి తెచ్చి, ఎక్కడ విఱిగెను, ఎందుకు విఱిగెను అని చూచును. విఱిగిన పక్కటెముకకు ప్రతిగా నింకొకటి కోయుటకు వానియొద్ద అచ్చు కలదు, నక్షా కలదు, చేయి కలదు. రెండుదినములలో నది మరల నెగురును. తాను చేసినది విఱిగినను తానే బాగుచేయగలనను ధైర్యమును ఏ పరీక్షపత్రమును ఈయజాలదు. నేడు ఉద్యోగములు పోయి వచ్చు కాలమున మన బిడ్డలకు కావలసిన యాస్తి యిట్టి ధైర్యమే.

కావున పోషకులకు నాది యొక విన్నపము. ప్రతివత్సరము మన సభయందు తెలివిగల విద్యార్థులకు బహుమతులిచ్చుచున్నారు; అది ప్రశంసనీయము. దానితోపాటు మన వసతిగృహమున నొక గదిని చేతిపనికై విడువుడు. అందులకు గొప్ప యంత్రములు వలదు. వంకరలేని పెద్దబల్ల యొకటి, గ్రాము తేడా చూపు తక్కెడ యొకటి, చిన్నరంపములు, కత్తులు, ఉప్పుకాగితము, మూలమట్టము, వాట్ మీటరు, మంచి చార్జరు, బ్యాటరీల కొక యినుపపెట్టె, ఒక నీటిబక్కెట గాక యిసుకబక్కెట, ఇవి చాలును. అన్నిటికన్న ముఖ్యము గురువు. వారమునకొక సాయంకాలము వచ్చి, పోగును చూచి కఱ్ఱను కోయుట నేర్పగల వృద్ధుడైన వడ్రంగి యొకడును, ఆంపియరు లెక్క చెప్పగల యువకుడైన ఇంజనీరొకడును ఒకే బల్లకడ కూర్చుండవలెను. ఇరువురును గౌరవముతో సమానాసనము పొందవలెను. వడ్రంగికిని వేతనమీయవలెను; విద్యను ఉచితముగా గ్రహించుట విద్యను చులకనచేయుట యగును. బాలురతోపాటు బాలికలకును ప్రవేశముండవలెను. తక్కెడ ముల్లు తూచినవారెవరని విచారింపదు.

మొదటి సంవత్సరము ఒక్క విమానము చాలును. పదుగురు విద్యార్థులు కలిసి దానిని నిర్మించి, దానితోపాటు బరువుల పద్దును వ్రాసి, వచ్చు మహాసభయందు ఆ పద్దును సభవారి ముందుంచవలెను. 900 గ్రాములు తలచి ఎన్నిగ్రాములు తేల్చిరో, తేడా యెక్కడ వచ్చినదో వారే చెప్పవలెను. సంఘనిధి లెక్కలను సభకు చదివి వినిపించు కార్యదర్శుల తరువాత, ఈ పిల్లలును తమ లెక్కను చదువుదురుగాక. అట్టి యలవాటు చిన్ననాడే పట్టుబడినచో, రేపు వారు సంఘకార్యములను చేపట్టినపుడు ఏ పద్దునకైనను లెక్కచెప్పుటకు వెనుదీయరు.

ఈ విన్నపమును సభవారు ఆదరించి, కార్యనిర్వాహక సంఘమువారు తగిన తీర్మానమును చేయుదురుగాక యని కోరుచున్నాను.